రక్తంలో దొంగరాత

మాదాపూర్ ఒకప్పుడు చిన్న ఊరు. చుట్టూ రాళ్ల గుట్టలు, పక్కన దుర్గం చెరువు. 1998లో ఇక్కడ సైబర్ టవర్స్ అనే పెద్ద మేడ ప్రారంభమైంది. ఆ తరువాత ఒకదాని పక్కన ఒకటి అద్దాల మేడలు లేచాయి. మేడలు కట్టడానికి పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఇంకా దూరం నుంచి కూలీలు వచ్చారు. ఇళ్లలో బాసండ్లు తోమేవాళ్లు, ఆఫీసులు ఊడ్చేవాళ్లు వచ్చారు. మేడల వెనక సందుల్లో, రేకుల ఇళ్లలో వాళ్లు ఉంటారు.

అలాంటి ఒక సందులో రాత్రి చదువు జరుగుతున్నది అనుకుందాం. పది పన్నెండు మంది ఆడవాళ్లు వస్తారు. పని నుంచి వచ్చి, వంట చేసి, పిల్లలకు పెట్టి వస్తారు. కొత్తగా చదవడం వచ్చింది. అందుకని కంటికి కనిపించినవన్నీ చదువుతారు. బస్సు మీది పేరు చదువుతారు. బియ్యం బస్తా మీది పేరు చదువుతారు.

ఒక రోజు ఒక చిన్న వయసు కోడలు తన దవాఖానా కార్డు తెచ్చింది. ఆమెకు అయిదో నెల.

"టీచరమ్మా, దీంట్ల హెచ్.ఐ.వి. అని ఉన్నది. నేనే చదివిన. నాకు ఆ రోగం ఉన్నదా?" అని అడిగింది. ఆమె చెయ్యి వణుకుతున్నది.

టీచరమ్మ కార్డు చూసింది. "రోగం ఉన్నదని కాదమ్మా. ఆ పరీక్ష చేయించుకోవాలని రాసి ఉంది. కడుపుతో ఉన్న అందరికీ ఆ పరీక్ష చేస్తరు" అన్నది. కానీ కోడలికి భయం పోలేదు. అందుకని మరునాడు బస్తీ దవాఖానా నర్సమ్మను పిలిచారు.

నర్సమ్మ వచ్చి కూర్చున్నది. ముందు తాను ఏమీ చెప్పలేదు. "ఎయిడ్స్ అంటే మీరు ఏం విన్నరో చెప్పండి" అన్నది.

"దోమ కుడితే వస్తదట" అన్నది ఒకామె.

"లారీ డ్రైవర్లకు వస్తదట" అన్నది ఇంకొకామె.

"వస్తే ఇగ చచ్చుడే" అన్నది మరొకామె.

ఒక అవ్వ నవ్వింది. "ఎనకట గోడల మీద పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని రాసిండ్రు. ఊరంత అదే మాట. నాకప్పుడు చదువు రాదు. మా పిలగాడు చదివి నవ్వెటోడు. వస్తదా రాదా ఎవ్వలు జెప్పలే" అన్నది.

"వస్తది అవ్వా. జాగ్రత్త లేకపోతే పులిరాజాకైనా వస్తది, ఎవరికైనా వస్తది" అన్నది నర్సమ్మ. అందరూ నవ్వారు.

మూలకు కూర్చున్న ఒకామె నవ్వలేదు. ఆమె చాలా సేపటి నుంచి ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు మెల్లగా అడిగింది. "వచ్చినోళ్లు మాత్రలు మింగితే మంచిగైతరు గద సిస్టర్. మంచిగైనంక మానేస్తే ఏమైతది?"

నర్సమ్మ ఆమె వైపు చూసింది. ఎందుకు అడిగావు అని అనలేదు. "మంచిగ అడిగినవు అక్కా. ఆ వైరస్ ఎట్లాంటిదో మొదలు తెలిస్తే, ఎందుకు మానొద్దో తెలుస్తది" అన్నది.

ఆ రాత్రి నర్సమ్మ చెప్పిన సంగతులే ఈ పాఠం.

ప్లాను, చీటీ

మన ఒళ్లు ఇటుకలతో కట్టిన ఇల్లు లాంటిది. ఒక్కొక్క ఇటుకను కణం అంటారు. అది కంటికి కనపడనంత చిన్నది. అంత చిన్న కణం లోపల ఒక గది ఉంటుంది. ఆ గదిలో ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. దాని పేరు డి.ఎన్.ఎ.

ఈ పుస్తకంలో మన ఒంటి ప్లాను అంతా రాసి ఉంటుంది. కళ్ల రంగు, జుట్టు తీరు, రక్తం ఎట్లా తయారు కావాలి, అన్నీ అందులోనే ఉంటాయి. మన తెలుగుకు యాభైకి పైగా అక్షరాలు. ఈ పుస్తకానికి అక్షరాలు నాలుగే. ఆ నాలుగింటినే మార్చి మార్చి దాదాపు 300 కోట్ల సార్లు రాసి ఉంటుంది. తల్లి నుంచి ఒక ప్రతి వస్తుంది. తండ్రి నుంచి ఒక ప్రతి వస్తుంది.

మేడ కట్టే చోట ఏం జరుగుతుందో మీకు తెలుసు. పెద్ద ప్లాను ఇంజనీరు దగ్గర ఉంటుంది. దాన్ని మట్టిలోకి, సిమెంటులోకి తేరు. ఈ రోజు ఇంత గోడ కట్టాలి అని ఒక చీటీ రాసి మేస్త్రికి ఇస్తారు. మేస్త్రి చీటీ చూసి పని చేయిస్తాడు. పని అయ్యాక చీటీ చించేస్తాడు. ప్లాను మాత్రం భద్రంగా ఉంటుంది.

కణంలో కూడా ఇదే పద్ధతి. పుస్తకం గది దాటి బయటికి రాదు. కావలసిన పేజీకి నకలు తీసి చీటీ రాస్తారు. ఆ చీటీ పేరు ఆర్.ఎన్.ఎ. చీటీ బయటికి వస్తుంది. కణంలోని పనివాళ్లు దాన్ని చదివి, కావలసిన సరుకు తయారు చేస్తారు. కండకు కావలసిన సరుకు, రక్తానికి కావలసిన సరుకు అన్నీ ఇట్లాగే తయారవుతాయి.

పుస్తకం నుంచి చీటీ, చీటీ నుంచి సరుకు. రాత ఎప్పుడూ ఈ దారిలోనే నడుస్తుంది అని శాస్త్రవేత్తలు చాలా కాలం అనుకున్నారు.

వెనక్కి రాసే దొంగ

వైరస్ అంటే ఏమిటి? అది పురుగు కాదు. దానికి నోరు లేదు, కడుపు లేదు. ఒక చిన్న గుల్ల, ఆ గుల్లలో చుట్టి పెట్టిన రాత. అంతే. హెచ్.ఐ.వి. వైరస్‌లను వరుసగా పేరిస్తే ఒక్క మిల్లీమీటరులో పదివేలు పడతాయి. అది తనంతట తాను పెరగలేదు. ఇంకొకరి కణంలోకి దూరితేనే పెరుగుతుంది.

జలుబు తెచ్చే వైరస్ కూడా చీటీ తెస్తుంది. పనివాళ్లు అది దొంగ చీటీ అని తెలియక చదువుతారు. తమ సరుకు మాని వైరస్ సరుకు చేస్తారు. నాలుగు రోజులకు ఒంటి కావలివాళ్లు వచ్చి దొంగలను పట్టుకుంటారు. చీటీ చినిగిపోతుంది. జలుబు పోతుంది.

కొన్ని వైరస్‌లు అట్లా పోవు. అవి చీటీతో పాటు తమ సొంత రాతగాడిని వెంట తెచ్చుకుంటాయి. ఈ రాతగాడు చీటీని చూసి, దాన్ని పుస్తకం భాషలోకి తిరగరాస్తాడు. అంటే రాత వెనక్కి నడుస్తుంది. చీటీ నుంచి పేజీ పుడుతుంది. వైరస్ వెంట ఇంకొకడు కూడా వస్తాడు. వాడు కుట్టేవాడు. వాడు మన పుస్తకాన్ని కోసి, మధ్యలో ఆ దొంగ పేజీని పెట్టి కుట్టేస్తాడు.

ఇక ఆ పేజీ మన పుస్తకంలో పేజీ అయిపోయింది. ఏది మనది, ఏది దొంగది అని కణానికి తెలియదు. కణం తన పేజీలకు చీటీలు రాసినట్టే దానికీ రాస్తుంది. కొత్త వైరస్‌లు తయారై బయటికి పోతాయి. ఇంకో కణంలో దూరుతాయి. కణం రెండుగా చీలినప్పుడు పుస్తకానికి ఇంకో ప్రతి రాసుకుంటుంది. దొంగ పేజీ అందులోకి కూడా ఎక్కుతుంది.

ఈ మాట విని అవ్వ అందుకున్నది. "మా ఊళ్లె ఒకడు మా చెల్క పహాణీల తన పేరు ఎక్కించుకున్నడు. ఒక్కపాలి ఎక్కినంక తీసుడు ఎంత తిప్పలైందో! ఏ నకలు తీసినా వాని పేరే వచ్చేది" అన్నది.

"సరిగ్గ అదే అవ్వా" అన్నది నర్సమ్మ.

ఇట్లా వెనక్కి రాసే వైరస్‌లను రెట్రో వైరస్‌లు అంటారు. రెట్రో అంటే వెనక్కి అని అర్థం. వెనక్కి రాసే రాతగాడిని 1970లో అమెరికాలో ఇద్దరు కనిపెట్టారు. వాళ్ల పేర్లు హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇద్దరూ కనిపెట్టారు. 1975లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రాతగాడి అసలు పేరు రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్. పేరు నోరు తిరగకపోయినా నష్టం లేదు. ఈ పాఠంలో రాతగాడు అనే అందాం.

ఈ జాతి వైరస్ కొత్తది కాదు. వంద ఏళ్లకు ముందే ఒక కోడి దాని జాడ చూపింది. అమెరికాలో ఒక రైతు తన కోడికి ఛాతీ మీద గడ్డ లేచిందని డాక్టర్ పేటన్ రౌస్ దగ్గరికి తెచ్చాడు. రౌస్ ఆ గడ్డను నూరి, వడకట్టి, ఆ నీళ్లను ఇంకో కోడికి ఎక్కించాడు. దానికీ గడ్డ లేచింది. కణాలు పోనంత సన్నటి జల్లెడ అది. మరి దాటి పోయింది ఏమిటి? వైరస్. 1911లో ఈ సంగతి చెబితే చాలామంది పట్టించుకోలేదు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. అప్పటికి ఆయనకు 87 ఏళ్లు! మనుషులకు రోగం తెచ్చే రెట్రో వైరస్‌ను మొదటిసారి 1980లో గుర్తించారు. అది ఒక రకం రక్త క్యాన్సరు తెస్తుంది. ఆ తరువాత బయటపడిందే హెచ్.ఐ.వి.

దొంగను పట్టిన ఆడవాళ్లు

1981లో అమెరికాలో డాక్టర్లకు ఒక వింత కనిపించింది. వయసులో ఉన్న మగవాళ్లు మామూలుగా ఎవరికీ రాని జబ్బులతో చనిపోతున్నారు. ఎందుకో తెలియలేదు. 1983లో పారిస్ నగరంలో పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారె సినూసి అనే శాస్త్రవేత్త దాని గుట్టు పట్టింది. ఆమె ఒక రోగి గడ్డ నుంచి కణాలు తీసి పెంచింది. వాటిలో రాతగాడి పని జరుగుతున్నదా అని రోజుల తరబడి చూసింది. జరుగుతున్నది! రాతగాడు ఉన్నాడంటే రెట్రో వైరస్ ఉన్నట్టే. రాతగాడి జాడ పట్టి ఆమె దొంగను పట్టింది. 2008లో ఆమెకు, ఆమెతో పని చేసిన లూక్ మోంటానియేకు నోబెల్ బహుమతి వచ్చింది.

మన దేశంలో కూడా దీన్ని మొదట పట్టుకున్నది ఆడవాళ్లే. మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్ పాఠం చెప్పేది. ఆమె దగ్గర చదివే నిర్మల అనే అమ్మాయి రక్తం నమూనాలు సేకరించింది. మన దేశంలో ఇది లేదు, ఎందుకు వెతుకుతారు అన్నారు కొందరు. నమూనాలు పెట్టడానికి సరైన చోటు లేదు. నిర్మల వాటిని తన ఇంట్లో ఫ్రిజ్‌లో దాచింది. మంచు పెట్టెలో పెట్టుకొని వేలూరు దవాఖానాకు తీసుకుపోయింది. 1986లో అక్కడ పరీక్ష చేస్తే ఆరు నమూనాల్లో హెచ్.ఐ.వి. గుర్తులు కనిపించాయి.

ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఇది బాగా పాకింది. దేశంలో ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో మనది ఒకటి అయింది. ఇప్పుడు దేశంలో సుమారు 25 లక్షల మంది హెచ్.ఐ.వి.తో బతుకుతున్నారు. వాళ్లలో నాలుగు లక్షలకు పైగా రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్నారు. మన దేశంలో ఇది సోకిన ఆడవాళ్లలో ఎక్కువ మందికి భర్త నుంచే వచ్చింది. నింద మాత్రం ఆడవాళ్ల మీదనే పడుతుంది. ఇది వైరస్ తెచ్చిన రోగం కాదు, మనుషులు తెచ్చిన రోగం.

కావలివాళ్ల మీదనే దెబ్బ

హెచ్.ఐ.వి. ఏ కణంలో పడితే ఆ కణంలో దూరదు. దానికి ఒక గడియ కావాలి. ఆ గడియ ఉన్న తలుపునే తెరుస్తుంది. ఆ గడియ పేరు సి.డి.4. అది ఎక్కువగా మన ఒంటి కావలివాళ్లకే ఉంటుంది. అందులోనూ కావలివాళ్లను పిలిచి, పని చెప్పే పెద్ద కావలివాళ్లకు. దొంగ వచ్చి ఊరి కావలి పెద్దనే పట్టుకున్నట్టు.

మంచి ఆరోగ్యం ఉన్న మనిషి రక్తంలో, గుండుసూది తలంత చుక్కలో, ఇలాంటి కావలి పెద్దలు 500 నుంచి 1500 దాకా ఉంటారు. వైరస్ సోకాక వాళ్లు మెల్లమెల్లగా తగ్గుతారు. ఒక్క రోజులో కాదు. మందు వాడకపోతే ఎనిమిది పది ఏళ్లు పట్టవచ్చు. అన్నేళ్లూ మనిషి మామూలుగా ఉంటుంది. పనికి పోతుంది, పెళ్లిళ్లకు పోతుంది. ముఖం చూసి ఎవరూ చెప్పలేరు. రక్త పరీక్ష ఒక్కటే చెప్పగలదు.

కావలి పెద్దలు 200 కంటే తగ్గితే దాన్ని ఎయిడ్స్ అంటారు. హెచ్.ఐ.వి. వేరు, ఎయిడ్స్ వేరు. హెచ్.ఐ.వి. వైరస్ పేరు. ఎయిడ్స్ అది ముదిరిన దశ పేరు. అప్పుడు కావలి లేని ఇంట్లోకి ప్రతి దొంగా వస్తాడు. మన దగ్గర ముందుగా వచ్చే దొంగ క్షయ, అంటే టి.బి. నోట్లో తెల్లటి పూత, ఆగని విరేచనాలు, తగ్గిపోయే బరువు కూడా కనిపిస్తాయి. మనిషిని చంపేది చాలాసార్లు ఆ వెనక వచ్చిన రోగాలే.

ఇది ఎట్లా వస్తుంది? నాలుగు దారులు ఉన్నాయి. వైరస్ ఉన్న మనిషితో నిరోధ్ లేకుండా కలిస్తే వస్తుంది. ఆ మనిషికి గుచ్చిన సూది ఇంకొకరికి గుచ్చితే వస్తుంది. పరీక్ష చేయని రక్తం ఎక్కిస్తే వస్తుంది. తల్లి నుంచి కడుపులో, కాన్పులో, పాల ద్వారా బిడ్డకు రావచ్చు. ఇంకో దారి లేదు.

"మరి దోమ?" అని మొదట అడిగిన ఆమె వదలలేదు.

దోమకు ఆ గడియ ఉన్న కణాలు లేవు. వైరస్ అక్కడ ఏ తలుపూ తెరవలేదు. దోమ కడుపులో అరిగిపోతుంది. కలిసి తింటే రాదు. ఒకే గ్లాసులో తాగితే రాదు. ఒకే బాత్‌రూం వాడితే రాదు. వైరస్ ఉన్న ఆమె వండిన అన్నం తింటే రాదు. ఇళ్లలో వంట చేసే ఆమెను ఈ పేరు చెప్పి పనిలోంచి తీసేస్తే అది తెలివితక్కువతనం.

మాత్ర ఏం చేస్తుంది

దొంగ ముగ్గురు పనివాళ్లను వెంట తెస్తాడు. రాతగాడు, కుట్టేవాడు. మూడోవాడు కత్తెరవాడు. తయారైన వైరస్ సరుకును సరైన కొలతకు కత్తిరించేవాడు. ఎక్కువ మందులు ఈ పనివాళ్ల చేతులు కట్టేయడానికే.

మొదటి మందు 1987లో వచ్చింది. అది రాతగాడి చెయ్యి పట్టుకున్నది. కానీ కొన్ని నెలలకే పని చేయడం మానేసింది. ఎందుకంటే ఈ రాతగాడు చూచిరాతలో తప్పులు చేస్తాడు. మీరు రాసేటప్పుడు టీచరమ్మ తప్పు దిద్దుతుంది. మన కణాల్లో కూడా తప్పు దిద్దేవాళ్లు ఉన్నారు. ఈ రాతగాడి రాతను దిద్దేవాళ్లు లేరు. చాలా నకళ్లలో ఏదో ఒక అక్షరం తప్పు పోతుంది. మందు లేని ఒంట్లో రోజుకు వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్‌లు పుడతాయి. అన్ని తప్పుల్లో ఏదో ఒక తప్పు వైరస్‌కే మేలు చేస్తుంది. మందుకు దొరకని వైరస్ పుడుతుంది. దీనికి టీకా దొరకకపోవడానికి కూడా ఇదొక కారణం. వేషం మార్చే దొంగ బొమ్మ గోడకు అంటించి ఏం లాభం?

అందుకని 1996 నుంచి మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలైంది. ముగ్గురికీ ఒకేసారి దొరకకుండా తప్పించుకోవడం దొంగకు కష్టం. ఇప్పుడు ఆ మూడూ ఒకే మాత్రలో వస్తున్నాయి. రోజుకు ఒక్క మాత్ర. అందులో రెండు మందులు రాతగాడిని ఆపుతాయి. డొల్యుటెగ్రావిర్ అనే మూడోది కుట్టేవాడిని ఆపుతుంది.

ఆ మందులు మొదట్లో ఏడాదికి పదివేల డాలర్లకు పైగా పడేవి. 2001లో ముంబయి కంపెనీ సిప్లా 350 డాలర్లకే ఇస్తామన్నది. హైదరాబాదు కేంద్రంగా ఉన్న హెటిరో, అరబిందో కంపెనీలు కూడా ఈ మందులు పెద్ద ఎత్తున తయారు చేసి ఆఫ్రికా దేశాలకు పంపాయి. ధరలు దిగాయి. 2004 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వం వీటిని ఉచితంగా ఇస్తున్నది. ఎ.ఆర్.టి. సెంటర్లలో ఇస్తారు. ఉస్మానియా, గాంధీ, ఎర్రగడ్డ ఛాతీ దవాఖానాలలో ఈ సెంటర్లు ఉన్నాయి.

రోజూ మాత్ర వేసుకుంటే కొన్ని నెలల్లో రక్తంలో వైరస్ పరీక్షకు కూడా దొరకనంత తగ్గుతుంది. కావలి పెద్దలు మళ్లీ పెరుగుతారు. ఆకలి వస్తుంది, బరువు వస్తుంది. పనికి పోవచ్చు. నిండా నూరేళ్లకు దగ్గరగా బతకవచ్చు. పరీక్షకు దొరకనంత తగ్గి, అట్లాగే ఉన్న మనిషి నుంచి కలయిక ద్వారా ఇంకొకరికి సోకదు.

నర్సమ్మ ఇక్కడ ఆగింది. మూలకు ఉన్న ఆమె వైపు కాకుండా అందరి వైపూ చూసి చెప్పింది.

"మాత్ర పనివాళ్ల చేతులు కడుతుంది. కానీ పుస్తకంలో కుట్టేసిన పేజీని చింపలేదు. కొన్ని కావలి కణాలు ఏళ్ల తరబడి నిద్రపోతయి. వాటి పుస్తకంలో ఆ పేజీ మూసి ఉంటది. రక్తం పరీక్షల వైరస్ లేదని వస్తది. ఒళ్లు మంచిగుంటది. ఇగ నాకేమున్నది అని మాత్ర ఆపితే, నిద్రపోయిన కణం లేస్తది, పేజీ తెరుస్తది. కొన్ని వారాలల్లనే రక్తం నిండ వైరస్ అయితది. రెండు రోజులు వేసుకొని మూడు రోజులు మానితే ఇంకా చెరుపు. సగం కట్టిన చేతులతోని దొంగ మందుకు దొరకకుండ ఉండుడు నేర్చుకుంటడు."

"మరి మానినోళ్ల గతి?" మూలకు ఉన్న ఆమె తల ఎత్తకుండా అడిగింది.

"మళ్లీ సెంటరుకు పోవాలె. ఎన్ని నెలలైనా ఫరవాలేదు. ఆలస్యం చేయొద్దు. రక్తం చూస్తరు. అవే మాత్రలు పని చేస్తయా, మార్చాలెనా అని చెప్తరు. మాత్రలు మాని ఇంట్ల కూసుంటే మాత్రం మేము ఏం చేయలేం."

కడుపులో బిడ్డ

చిన్న కోడలు ఇంకా కార్డు పట్టుకునే ఉన్నది. "పరీక్షల ఉన్నదని వస్తే నా బిడ్డ ఏమైతది?" అన్నది.

మందు లేకపోతే, వైరస్ ఉన్న తల్లులకు పుట్టిన వందమంది పిల్లల్లో 15 నుంచి 45 మందికి అది వస్తుంది. తల్లి రోజూ మాత్ర వేసుకుంటే అయిదుగురి కంటే తక్కువకు దిగుతుంది. కడుపుతో ఉన్నప్పుడే పరీక్ష చేసేది ఇందుకే. తొందరగా తెలిస్తే తొందరగా మాత్ర మొదలవుతుంది. పుట్టిన బిడ్డకు కొన్ని వారాలు సిరప్ పోస్తారు. మొదటి ఆరు నెలలు తల్లిపాలే పట్టాలి. తల్లిపాలు కొన్ని, పోతపాలు కొన్ని అని కలపకూడదు. తల్లి మాత్రలు మానకూడదు. ఆరు వారాలకు బిడ్డ రక్తం పరీక్ష చేస్తారు. తరువాత కూడా చేస్తారు. పద్దెనిమిది నెలలకు గట్టిగా తెలుస్తుంది.

ఒక వింత సంగతి కూడా ఉంది. కోట్ల ఏళ్ల కింద, మనుషులు ఇంకా మనుషులు కాని కాలంలో, పాత రెట్రో వైరస్‌లు మన పూర్వీకుల పుస్తకంలో పేజీలు కుట్టాయి. అవి ఇప్పటికీ ఉన్నాయి. మన పుస్తకంలో వంద పేజీలకు ఎనిమిది అట్లాంటివే. చాలావరకు చెరిగిపోయిన రాతలు, హాని చేయవు. కానీ ఒక పాత పేజీ ఇప్పుడు మనకే పని చేస్తున్నది. బిడ్డకు తల్లి నుంచి ఆహారం అందించే మాయ ఉన్నది కదా! ఆ మాయ సరిగ్గా కట్టుకోవాలంటే ఆ దొంగ పేజీలోని సరుకు కావాలి. ఈ సంగతి 2000లో బయటపడింది.

"దొంగోడు కూడ ముసలోడైనంక పని చేస్తడన్నట్టు" అన్నది అవ్వ.

చట్టం

పరీక్ష కొండాపూర్ ప్రభుత్వ దవాఖానాలో, ఇతర ప్రభుత్వ దవాఖానాల్లో ఉచితం. ముందు ఒకరు కూర్చుండబెట్టి మాట్లాడతారు. మీరు ఒప్పుకుంటేనే రక్తం తీస్తారు. ఒంట్లోకి వచ్చిన వెంటనే పరీక్షలో కనపడకపోవచ్చు. అందుకని అనుమానం ఉంటే మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. భర్త కూడా చేయించుకోవాలి.

2017లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అది నడుస్తున్నది. ఆ చట్టం ప్రకారం, ఫలానా ఆమెకు హెచ్.ఐ.వి. ఉన్నదని ఆమె ఒప్పుకోకుండా ఎవరికీ చెప్పకూడదు. ఈ కారణంతో పనిలోంచి తీసేయకూడదు. దవాఖానాలో వైద్యం లేదనకూడదు. పిల్లలను బడిలోంచి పంపకూడదు. అత్తింట్లోంచి వెళ్లగొట్టకూడదు. ఆమెకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఉంది. సందేహం ఉంటే 1097 నెంబరుకు ఫోను చేయవచ్చు. డబ్బు పడదు. తెలుగులో మాట్లాడవచ్చు.

తొమ్మిదిన్నర అయింది. అందరూ లేచారు. చిన్న కోడలు కార్డు మడిచి కొంగున కట్టుకున్నది. "రేపు పోదాం, నేను వస్త" అని అవ్వ ఆమెతో అన్నది.

మూలకు కూర్చున్న ఆమె అందరూ పోయేదాకా చెప్పులు వెతికింది. తరువాత నర్సమ్మ దగ్గరికి వచ్చింది.

"సిస్టర్, ఎర్రగడ్డకు పొద్దుగాల ఎన్ని గొట్టంగ పోవాలె?"

"తొందరగ పో అక్కా. లైను ఉంటది. నీ పాత కార్డు ఉంటే తీస్కపో. పోయినా భయం లేదు, పేరు చెప్తే వెతుకుతరు."

"పనికి రానని మేస్త్రికి ఏం జెప్పాలె?"

"దవాఖానాకు పోతున్న అని చెప్పు. ఏ దవాఖానానో చెప్పే పని లేదు."

మాట్లాడుకోండి

హెచ్.ఐ.వి. ఉన్నా మనిషి ఏళ్ల తరబడి మామూలుగా ఎందుకు కనిపిస్తుంది?

రక్తంలో వైరస్ కనపడకపోయినా మాత్ర ఎందుకు ఆపకూడదు?

మూలకు కూర్చున్న ఆమెను నర్సమ్మ అందరి ముందు ఎందుకు ఏమీ అడగలేదు?

మీకు దగ్గరలో పరీక్ష ఎక్కడ చేస్తారు? తెలుసుకొని పలక మీద రాయండి.